ఫ్లూయిడైజేషన్ అంతర్జాతీయ సదస్సుకు మీ స్కాలర్‌ను పంపాలంటే: అబ్‌స్ట్రాక్ట్ నుంచి బిల్లుల దాకా సమగ్ర మార్గదర్శి

సన్నటి గింజల పొరలోకి కిందనుంచి గాలి పంపుతూ మెల్లగా వేగం పెంచుతూ పోతే, ఒక దశలో గింజల బరువంతా గాలి మీద పడుతుంది. అక్కణ్నుంచి పొర మొత్తం మరుగుతున్న ఎసరులా బుడగలు వేస్తూ కదులుతుంది. అదే ఫ్లూయిడైజేషన్, ఆ గింజల పొరే బెడ్. విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో బరువైన నూనెను పెట్రోలు లాంటి తేలిక ఇంధనాలుగా విడగొట్టే ఎఫ్‌సీసీ యూనిట్లు, నైవేలిలో లిగ్నైట్ మండించే సీఎఫ్‌బీ (సర్క్యులేటింగ్ ఫ్లూయిడైజ్డ్ బెడ్) బాయిలర్లు, హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో పౌడర్ ఆరబెట్టే ఎఫ్‌బీడీలు (ఫ్లూయిడ్ బెడ్ డ్రైయర్లు), అన్నీ దీని మీదే నడుస్తాయి. మన కెమికల్ ఇంజినీరింగ్ విభాగాల్లో దీని మీద పీహెచ్‌డీ చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల పని లోకం చూడాలంటే ఆ రంగం వాళ్లంతా కలిసే సదస్సుకు ఒక్కసారైనా వెళ్లాలి.

గైడ్లకు, డిపార్ట్‌మెంట్ హెడ్‌లకు, ఆఫీసు సిబ్బందికి, వెళ్లబోయే స్కాలర్లకు కలిపి ఇది రాస్తున్నాను. ప్రయాణానికి డబ్బిచ్చే పథకాలు మన దేశంలో ఉన్నాయి. చిక్కంతా ఆ డబ్బు ఎప్పుడొస్తుందన్న దగ్గరే. దాదాపు ప్రతి పథకమూ ముందు మీరు ఖర్చు పెట్టుకోండి, తిరిగొచ్చి బిల్లులు పెడితే ఇస్తాం అంటుంది. నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో ఇంటికి కూడా పంపుకునే స్కాలర్ రెండు లక్షలకు పైగా ముందుగా ఎక్కడ తెస్తాడు? అందుకే సాయం అంటే నా దృష్టిలో రెండే: సమయానికి చేతికందే అడ్వాన్సు, సమయానికి సంతకమయ్యే ఉత్తరాలు.

మొదటి అడుగు: సదస్సును, సంవత్సరాన్ని ఎంచుకోవడం

ఈ రంగంలో పెద్దపీట ఇంజినీరింగ్ కాన్ఫరెన్సెస్ ఇంటర్నేషనల్ నడిపే ఫ్లూయిడైజేషన్ సదస్సుల వరుసది. 2010లో కొరియాలోని గ్యోంగ్జు, 2013లో నెదర్లాండ్స్‌లోని నోర్ద్‌వైకర్‌హౌట్, 2016లో కెనడా క్యుబెక్‌లోని మాంటెబెల్లో, 2019లో చైనాలోని గ్విలిన్, 2023లో స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరాలో జరిగాయి. ఈ తేదీలు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. సుమారు మూడేళ్లకు ఒకసారి వస్తుంది కాబట్టి ఒక స్కాలర్ పీహెచ్‌డీ కాలంలో చక్కని ఫలితాలు చేతికొచ్చాక పడేది ఒకటే. అది తప్పితే డిగ్రీ చేతికొచ్చాకే మళ్లీ అవకాశం. స్కాలర్ చేరిన ఏడాదే తర్వాతి సదస్సు ఎప్పుడో, ఎక్కడో గోడమీద రాసి పెట్టుకోండి.

పని దహనం, గ్యాసిఫికేషన్ వైపు ఉంటే ఫ్లూయిడైజ్డ్ బెడ్ కన్వర్షన్ సదస్సు బాగా నప్పుతుంది. పౌడర్ల ప్రవాహం, మిక్సింగ్ లాంటి వాటికి పార్టికల్ టెక్నాలజీ ప్రపంచ మహాసభ ఉంది. వీటి పేర్లను పోలిన పేర్లతో వారానికొక ఈమెయిల్ పంపి, మూడు రోజుల్లో పేపర్ ఒప్పేసుకునే నకిలీ సదస్సులూ ఉన్నాయి. మీ థీసిస్‌లో మీరు ఉదహరించే వాళ్లలో కనీసం నలుగురైదుగురు ఆ సదస్సు కమిటీలోనో, గతసారి వక్తల జాబితాలోనో కనబడాలి. కనబడకపోతే వదిలేయండి.

రెండో అడుగు: అబ్‌స్ట్రాక్ట్

డబ్బు, వీసా, సెలవు అన్నీ అంగీకార పత్రం మీదే ఆధారపడతాయి. అది అబ్‌స్ట్రాక్ట్ బలం మీద వస్తుంది. ఫ్లూయిడైజేషన్ వాళ్లు మొదట వెతికే వివరాలు కొన్నున్నాయి: గింజల సగటు సైజు, సైజుల పంపిణీ, సాంద్రత, గింజలు ఎలా కదులుతాయో చూసి 1973లో గెల్డార్ట్ అనే పరిశోధకుడు చేసిన ఏ, బీ, సీ, డీ వర్గీకరణలో అవి ఏ గ్రూపు, గింజలుండే గొట్టం (కాలమ్) వ్యాసం, కిందనుంచి గాలిని సమంగా పంచే డిస్ట్రిబ్యూటర్ ఏ రకం, పొర కదలడం మొదలయ్యే గాలి వేగం (మినిమమ్ ఫ్లూయిడైజేషన్ వెలాసిటీ) కొలిస్తే ఎంత, ఎన్ని రెట్ల వేగంలో ప్రయోగం చేశారు. ఇవి లేని అబ్‌స్ట్రాక్ట్ ఎంత బాగా రాసినా గాల్లో మాటే. కంప్యూటర్ సిమ్యులేషన్ పని అయితే గాలి గింజల్ని లాగే బలానికి ఏ సూత్రం (డ్రాగ్ మోడల్) వాడారో, లెక్కకోసం గీసిన గళ్ల (గ్రిడ్) సైజు మార్చి చూశారో లేదో ఒక్క వాక్యంలో చెప్పాలి.

రిఫైనరీ నుంచో, పవర్ ప్లాంట్ నుంచో వచ్చిన క్యాటలిస్ట్, బూడిద, డేటా వాడితే, అబ్‌స్ట్రాక్ట్ పంపక ముందే ఆ సంస్థ నుంచి ప్రచురణ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. అంగీకారం వచ్చాక అడిగితే వాళ్ల లీగల్ విభాగంలో నెలలు పోతాయి.

మూడో అడుగు: ఎవరు దేనికి ఇస్తారు

సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకు పెద్ద దిక్కు అంతర్జాతీయ ప్రయాణ సహాయ పథకం. ఇది చాలాకాలం కేంద్రం పరిశోధన నిధులిచ్చే బోర్డు ఎస్‌ఈఆర్‌బీ చేతిలో ఉండేది. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో ఆ బోర్డు కలిసిపోయాక పథకం కూడా అక్కడికే వెళ్లింది. 35 ఏళ్లలోపు వాళ్లకు దగ్గరి దారిలో ఎకానమీ విమాన ఛార్జీతో పాటు నమోదు రుసుము, వీసా ఫీజు కూడా ఇస్తూ వచ్చిన పథకం ఇది. ఒకసారి తీసుకున్నవాళ్లు మూడేళ్లు ఆగాలి. కాబట్టి చిన్న సదస్సుకు దీన్ని వాడేసుకోవద్దని స్కాలర్‌కు ముందే చెప్పండి. దరఖాస్తు పెట్టిన రోజున పోర్టల్‌లో ఉన్న నిబంధనల ప్రతిని దింపుకుని ఫైల్లో పెట్టండి. బిల్లులు పెట్టేటప్పుడు ఏదైనా పేచీ వస్తే అదే ఆధారం.

ఉద్యోగం లేని పరిశోధకులకు కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) ఫారిన్ ట్రావెల్ గ్రాంట్ ఉంది. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోలకు ఏటా వచ్చే 2 లక్షల రీసెర్చ్ గ్రాంటును ప్రయాణానికీ వాడుకోవచ్చు. ప్రాజెక్టు నిధుల సంగతికొస్తే, చాలా సాంక్షన్ ఆర్డర్లలో ప్రయాణాల పద్దు (ట్రావెల్ హెడ్) దేశంలో తిరగడానికే పరిమితం. ఆర్డరు చదవకుండా ప్రాజెక్టులోంచి ఇచ్చేస్తామని స్కాలర్‌కు మాటివ్వకండి. కన్సల్టెన్సీ మిగులు, డిపార్ట్‌మెంట్ డెవలప్‌మెంట్ ఫండ్, పూర్వ విద్యార్థుల సంఘం ఇచ్చే సాయం, వీటిలో వెసులుబాటు ఎక్కువ. నిర్వాహకులు విద్యార్థులకు రుసుము తగ్గించడం, కొందరికి మాఫీ చేయడం కూడా ఉంటుంది. అడగడానికి మొహమాటపడకండి. గైడు రాసిన నాలుగు వాక్యాల ఉత్తరం జతచేసి అడిగితే మర్యాదగా జవాబిస్తారు.

ఐఐటీలు, ఎన్‌ఐటీల్లో అధ్యాపకులకు మూడేళ్ల బ్లాకుకు 3 లక్షల సీపీడీఏ (వృత్తిపరమైన అభివృద్ధికిచ్చే భత్యం) ఉంటుంది. అది గైడు ప్రయాణానికే. గైడు, స్కాలర్ ఇద్దరిలో ఒక్కరికే వీలుంటే స్కాలర్‌నే పంపండి అంటాను. ఆ ప్రయోగం చేసిన చేతులు ఎవరివో వాళ్లే అక్కడ నిలబడి మాట్లాడాలి. రేపు పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం (పోస్ట్‌డాక్) ఇచ్చే మనిషి చూడాల్సిందీ వాళ్లనే.

ఇక్కడ ఈ సదస్సుకే ప్రత్యేకమైన ఒక మెలిక. ఇంజినీరింగ్ కాన్ఫరెన్సెస్ ఇంటర్నేషనల్ సదస్సుల్లో అందరూ ఒకేచోట బస చేస్తారు. అందుకని నమోదు రుసుములోనే గది, భోజనాలు కలిపి ఉంటాయి. చూడ్డానికి రుసుము చాలా ఎక్కువ అనిపిస్తుంది. మన అకౌంట్స్ సెక్షన్ మాత్రం నమోదు వేరు, బస వేరు, రోజువారీ భత్యం (డీఏ) వేరు అని చూస్తుంది. నమోదుకు మాత్రమే ఇచ్చే పథకంలో బస భాగాన్ని కొట్టేస్తారు. భోజనం ఇచ్చారు కదా అని డీఏ తగ్గిస్తారు. అందుకే డబ్బు కట్టక ముందే నిర్వాహకులకు రాసి, రుసుములో సదస్సుకు ఎంత, గదికి ఎంత, భోజనానికి ఎంత అని విడివిడిగా చూపించే ఇన్వాయిస్ తెప్పించుకోండి. ఆ ఒక్క కాగితంతో వేలల్లో నష్టం తప్పుతుంది.

సీఎస్‌ఐఆర్ ప్రయోగశాలల్లో, ప్రభుత్వ సంస్థల్లో ఉద్యోగులైతే ఆ దేశానికి వెళ్లడానికి విదేశాంగ శాఖ అనుమతి (పొలిటికల్ క్లియరెన్స్) కావాలి. ఖర్చు విదేశీ సంస్థ భరిస్తే హోం శాఖ నుంచి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి కూడా అవసరం కావచ్చు. ఈ ఫైళ్లు పైకి వెళ్లి కిందికి రావడానికి పట్టే కాలాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

నాలుగో అడుగు: అడ్వాన్సు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

ప్రయాణ సహాయం మంజూరు ఉత్తరం రావడానికి ముందే మూడు ఖర్చులు వచ్చి పడతాయి: నమోదు రుసుము, వీసా ఫీజు, టికెట్టు. నమోదు గడువు దాటితే రుసుము పెరుగుతుంది, టికెట్టు ధర రోజురోజుకీ పెరుగుతుంది. డబ్బున్న ఇంటి పిల్లలు నాన్న కార్డుతో కట్టేసి తర్వాత తీసుకుంటారు. లేనివాళ్లు ఎవరికీ చెప్పకుండా, పేపర్ ఒప్పుకున్నా సరే, ఈసారికి వద్దులే సార్ అనేస్తారు. ఈ మాట వెనక ఉన్న కారణం అడిగి తెలుసుకోవాల్సిన బాధ్యత గైడ్‌దే.

చేయాల్సిందిది. అంగీకార పత్రం వచ్చిన వారంలోనే హెడ్ ద్వారా డీన్‌కు నోట్ పెట్టండి. అందులో పూర్తి అంచనా ఖర్చు, ఎక్కడెక్కడ దరఖాస్తు పెట్టామో, బయటి సాయం వస్తే ఆ మొత్తం సంస్థకు తిరిగి జమ చేస్తామనే హామీ, రాకపోతే ఏ పద్దులోంచి సర్దుబాటు చేయాలో స్పష్టంగా రాయండి. గైడు పేరుమీద టెంపరరీ అడ్వాన్స్ తీసుకునే వీలు చాలా సంస్థల్లో ఉంది. స్కాలర్ పేరుమీద ఇవ్వడానికి నిబంధన అడ్డొస్తే గైడు పేరుమీద తీసుకోండి. నమోదు రుసుమును సంస్థే నేరుగా విదేశీ చెల్లింపుగా బ్యాంకు ద్వారా పంపగలిగితే ఇంకా మంచిది. బ్యాంకులో విదేశాలకు డబ్బు పంపడానికి నింపే ఏ2 ఫారం, ఇన్వాయిస్ ఇస్తే పని అవుతుంది. కార్డుతో కట్టేటట్టయితే దానిమీద అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో, పరిమితి సరిపోతుందో ముందురోజే చూసుకోండి. గడువు చివరి రాత్రి కార్డు తిరస్కరిస్తే చేసేదేమీ ఉండదు.

డిపార్ట్‌మెంట్‌లో ఇలాంటి అవసరాలకే తిరుగుతుండే చిన్న నిధి ఏర్పాటు చేయగలిగితే అంతకు మించిన సాయం లేదు. ఒకరికి ఇచ్చింది గ్రాంటు వచ్చాక తిరిగి జమవుతుంది, ఇంకొకరికి పనికొస్తుంది. పూర్వ విద్యార్థులను భవనాలకు విరాళం అడిగేకన్నా దీనికి అడగండి. వాళ్లలో చాలామంది ఈ ఇబ్బంది పడి వచ్చినవాళ్లే.

ఐదో అడుగు: పేరు, పాస్‌పోర్టు, వీసా

తెలుగువాళ్లకు పేరు దగ్గరే మొదటి చిక్కు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, పేపర్ మీద ఇనీషియల్ మాత్రమే. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివాళ్లకు అమెరికా వీసాలో పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని అచ్చవుతుంది. పరిష్కారం ఒకటే. సదస్సు నమోదులో, ఆహ్వాన పత్రంలో, టికెట్టులో, బీమాలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పేపర్ మీద ప్రచురణ పేరు వేరుగా ఉంటే, ఇద్దరూ ఒకరే అని గైడు లెటర్‌హెడ్ మీద ఒక ధ్రువపత్రం ఇస్తే చాలు. పాస్‌పోర్టుకు తిరిగొచ్చే తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోండి. అసలు పాస్‌పోర్టే లేని స్కాలర్ అయితే పీహెచ్‌డీలో చేరిన ఏడాదే తీయించండి. ఊళ్లో చిరునామా, హాస్టల్ చిరునామా వేరైతే పోలీస్ వెరిఫికేషన్ ఆలస్యమవుతుంది.

వీసా దేశాన్ని బట్టి. షెంగెన్ దేశమైతే (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15 రోజులకన్నా ఆలస్యం కాకూడదు. ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అయితే అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టమైన నెలలు ఉంటాయి. మే, జూన్‌లో సదస్సు అంటే వేసవి పర్యాటకులతో పోటీ. బ్రిటన్‌కు షెంగెన్ వీసా పనికిరాదు, స్టాండర్డ్ విజిటర్ వీసా వేరుగా తీసుకోవాలి. అమెరికాకు సదస్సుల లాంటి పనులకిచ్చే బీ1 వీసా. హైదరాబాద్ కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలో ఉంది. ఇంటర్వ్యూ స్లాటు కోసం అబ్‌స్ట్రాక్ట్ అంగీకారం వచ్చిన రోజు నుంచే చూడటం మొదలుపెట్టాలి.

కెమికల్ ఇంజినీరింగ్ అమెరికా వాళ్లు ప్రత్యేకంగా పరిశీలించే సాంకేతిక రంగాల్లో ఒకటి. ఇంటర్వ్యూ బాగా జరిగినా నిర్ణయం ప్రస్తుతానికి ఆపామని చెప్పే 221(జీ) కాగితం చేతిలో పెట్టి అదనపు పరిశీలనకు పంపవచ్చు. కంగారు పడక్కర్లేదు. సీవీ, ప్రచురణల జాబితా, పరిశోధన సారాంశం ఒక పేజీ, గైడు వివరాలు ముందే సిద్ధంగా ఉంచుకుని అడిగిన రోజే పంపాలి. ఆ సారాంశం పక్కింటివాళ్లకు చెప్పినంత తేలిక మాటల్లో ఉండాలి: బియ్యపు ఊకను సమంగా మండించడానికి గాలి ఎలా పంపాలో చదువుతున్నాను అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

ఏ దేశానికైనా డిపార్ట్‌మెంట్ ఇవ్వాల్సిన కాగితాలు ఇవి: బోనఫైడ్ సర్టిఫికెట్, సెలవు మంజూరు, అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ, ఏ ఖర్చు ఎవరు భరిస్తున్నారో వరసగా చెప్పే స్పాన్సర్‌షిప్ ఉత్తరం, పీహెచ్‌డీ ఎప్పుడు చేరారో, ఫెలోషిప్ ఎప్పటిదాకా ఉందో, తిరిగొచ్చి ఏ పని పూర్తి చేయాలో చెప్పే గైడు ఉత్తరం. చివరిది చాలామంది ఇవ్వరు. మనిషి వెనక్కి వస్తాడనే నమ్మకం వీసా అధికారికి కలిగించేది అదే. ఉత్తరాలన్నిటిలో తేదీలు ఒక్కటే ఉండాలి. ఇక బ్యాంకు ఖాతా. ఆర్నెల్ల స్టేట్‌మెంట్‌లో నెలనెలా ఫెలోషిప్ జమలు కనిపిస్తే అదే మంచి సాక్ష్యం. దరఖాస్తుకు వారం ముందు ఎక్కడినుంచో మూడు లక్షలు తెచ్చి ఖాతాలో వేస్తే అనుమానమే పెరుగుతుంది. అడ్వాన్సు జమైతే దాని సాంక్షన్ ఆర్డరు కూడా జతచేయండి.

ఆరో అడుగు: టికెట్టు

వీసా రాకముందు డబ్బు తిరిగిరాని టికెట్టు కొనొద్దు. షెంగెన్ దరఖాస్తుకు రిజర్వేషన్ చాలు. ప్రభుత్వ నిధులతో ప్రయాణమైతే బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడింటిలో ఒకచోట కొనాలనే నిబంధన మీకు వర్తిస్తుందో లేదో కొనే ముందే అకౌంట్స్‌లో రాతపూర్వకంగా అడగండి. వేరే సైట్‌లో వెయ్యి తగ్గిందని కొంటే మొత్తం టికెట్టు బిల్లే ఆగిపోవచ్చు. దారిలో ఆగే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో చూసుకోండి. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా ఒకే టికెట్టు తీసుకోవడం తేలిక. సదస్సుకు ముందో తర్వాతో సొంత పనిమీద ఎక్కువ రోజులు ఉంటే, ఆ తేదీలకు టికెట్టు ధర ఒకటేనని చూపే కొటేషన్ కొన్న రోజే దాచుకోవాలి.

ఏడో అడుగు: మాట్లాడటానికి తయారీ, మూటాముల్లె

రిహార్సల్ కనీసం రెండుసార్లు పెట్టండి, ఒకటి మీ ల్యాబ్ వాళ్ల ముందు, ఒకటి వేరే విభాగం అధ్యాపకుల ముందు. ఈ సదస్సులో ప్రశ్నలు దాదాపు ఊహించదగ్గవే. ఇంత సన్నని కాలమ్‌లో గోడ ప్రభావం ఎంత? బుడగలు కాలమ్ వెడల్పంతా నిండి స్లగ్గింగ్ అవుతోందా? పెద్ద సైజులో ఇదే నడుస్తుందా? గాల్లో తేమ ఎంత, స్టాటిక్ విద్యుత్ వల్ల గింజలు గోడకు అంటుకున్నాయా? సన్నటి పొడి ఎంత ఎగిరిపోయింది? ఒక్కోదానికి ఒక్కో బ్యాకప్ స్లైడు ఉంచుకుంటే తడబాటు ఉండదు. తెలియనిదాన్ని ఇంకా కొలవలేదు అని నేరుగా చెప్పడం అలవాటు చేయించండి. మన పిల్లలు వేగంగా మాట్లాడతారు. నెమ్మదిగా, వాక్యానికి వాక్యానికి మధ్య ఊపిరి తీసుకునేలా చూడండి.

పోస్టర్ అయితే సైజు నిర్వాహకులను అడగండి. ఏ0 అంటే 841 × 1189 మిల్లీమీటర్లు. గుడ్డమీద అచ్చేయిస్తే మడిచి సూట్‌కేసులో పెట్టుకోవచ్చు.

గింజల శాంపిళ్లు సంచిలో తీసుకెళ్లొద్దు. ఎఫ్‌సీసీ క్యాటలిస్ట్ అయినా బాయిలర్ బూడిద (ఫ్లై యాష్) అయినా, సీసాలో తెల్లటి సన్నని పొడి సెక్యూరిటీ వాళ్లకు ఏమిటనిపిస్తుందో ఆలోచించండి. అమెరికా వెళ్లే విమానాల్లో చేతిసంచిలో 350 మిల్లీలీటర్లకు మించిన పొడి పదార్థాలకు 2018 నుంచి ప్రత్యేక తనిఖీ ఉంది. అమ్మ ఇచ్చిన కందిపొడికి కూడా ఇది వర్తిస్తుంది, దాన్ని చెక్‌ఇన్ సామానులో పెట్టాలి. బెడ్ ఎలా కదులుతుందో చూపించాలంటే హైస్పీడ్ వీడియో చాలు. దాన్ని ల్యాప్‌టాప్‌లోనూ, పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచుకోవాలి.

భోజనం అక్కడే కాబట్టి శాకాహారమో, గుడ్డు కూడా తినరో నమోదు ఫారంలోనే రాయాలి.

ఎనిమిదో అడుగు: అక్కడ

మూడు పూటలా అందరూ ఒకే హాల్లో తినే సదస్సు ఇది. మనవాళ్లంతా ఒక బల్ల దగ్గర చేరడం సహజం, కానీ కనీసం రోజుకొక భోజనం కొత్తవాళ్లతో చేయమనండి. వెళ్లేముందే కలవాల్సిన ఐదారుగురి పేర్లు రాసుకుని, వాళ్ల ఇటీవలి పేపర్ ఒక్కొక్కటి చదివి, గైడు ద్వారా చిన్న పరిచయ ఈమెయిల్ పంపితే అక్కడ పలకరింపు తేలికవుతుంది.

ప్రయాణంలో ప్రతి బోర్డింగ్ పాసూ దాచాలి. మొబైల్ పాస్ అయితే విమానం దిగాక యాప్‌లోంచి మాయమవుతుంది, ఎక్కకముందే స్క్రీన్‌షాట్ తీయాలి. హాజరు ధ్రువపత్రం సంతకంతో చివరి రోజే చేతికి తీసుకోవాలి.

తొమ్మిదో అడుగు: బిల్లులు

తిరిగొచ్చిన వారంలో కూర్చుని ముగించండి. కేంద్ర సంస్థల్లో ప్రయాణ భత్యం (టీఏ) క్లెయిముకు 60 రోజుల గడువు ఉంటుంది, దాటితే హక్కు పోతుంది. ఛార్జీ విడివిడిగా కనిపించే టికెట్టు ఇన్వాయిస్, బోర్డింగ్ పాసులు, నమోదు రశీదు, రూపాయల్లో ఎంత కట్ అయిందో చూపే బ్యాంకు స్టేట్‌మెంట్, వీసా ఫీజు రశీదు, పాస్‌పోర్టులో ముద్రలున్న పేజీల ప్రతులు, హాజరు పత్రం, ఇవీ కావాల్సినవి. విదేశీ కరెన్సీ ధరకు గూగుల్‌లో చూసిన రేటు చెల్లదు, బ్యాంకు వేసిన రేటే లెక్క. డబ్బు దేనికిచ్చారో దానికే వాడామని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ జీఎఫ్‌ఆర్ (కేంద్ర ఆర్థిక నియమాలు) 12ఏ ఫారంలో, సంస్థ ఫైనాన్స్ ఆఫీసర్ సంతకంతో వెళ్లాలి. స్కాలర్‌నే సెక్షన్ల చుట్టూ తిప్పకుండా ఆఫీసు అసిస్టెంట్ ఒకరు దగ్గరుండి చూస్తే రెండు రోజుల్లో తేలుతుంది.

గ్రాంటు డబ్బు జమైన రోజే అడ్వాన్సు సర్దుబాటు చేయించి, అకౌంట్స్ నుంచి నో డ్యూస్ రాయించుకోండి. లేకపోతే అది గైడు పేరుమీద నిలిచిపోయి తర్వాతి స్కాలర్‌కు అడ్వాన్సు పుట్టదు. ఈ ప్రయాణంలో వాడిన ప్రతి ఉత్తరం నమూనా, ఇన్వాయిస్, అకౌంట్స్ లేవనెత్తిన అభ్యంతరాలు, వాటికిచ్చిన జవాబులు పేర్లూ నంబర్లూ తీసేసి డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఒక ఫోల్డర్‌లో పెట్టండి.